గిన్నె తామర, రెండు చేపలు

జూన్ 8

బావకి తామర ఇచ్చి వచ్చాను. బస్సులో దారి పొడుగునా గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే పక్క సీటావిడ తొంగి చూసి "సూపా అండీ?" అని అడిగింది. తామరండీ అన్నాను. నమ్మలేదు.

పాతికేళ్ళు బస్సు నడిపి ఎవరికీ చిన్న గీత కూడా పడనివ్వని మా చెల్లెలి మొగుడు, ఆగి ఉన్న బస్సు మెట్టు మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. తొడ దాకా కట్టు. వీధి వైపు కిటికీ పక్కన మంచం వేశారు. చెల్లెలు పాఠాలు చెప్పడానికీ, మేనకోడలు వినడానికీ ఒకే బడికి వెళ్ళిపోతే ఆయనా గోడలూ మిగులుతారు. మొన్న ఫోన్లో చెల్లెలు మొత్తుకుంది. "అన్నయ్యా, ఏదో ఒకటి చెయ్యి. కిటికీ ముందు నుంచి పోయే ప్రతి బస్సు డ్రైవరుకీ వంకలు పెడుతున్నాడు. వాళ్ళకి వినబడదని నాకు చెబుతున్నాడు."

అందుకని మేడ మీద నేను పెంచే తామర గిన్నెల్లోంచి ఒకటి తీశాను. అల్లాటప్పాది కాదు, బుజ్జి అని నేను పిలుచుకునేది. ఉన్నవాటన్నిట్లోకీ చిన్న రకం, పువ్వు టీ కప్పులో పట్టేంత. నిరుడు దానికి రెండే రెండు దుంపలు ఊరాయి. ఒకటి నాకు, ఒకటి ఆయనకి. ఇంతకంటే దగ్గరి చుట్టానికి నేనేమీ ఇవ్వలేను.

"ఇదేంటి బావా, చేతులు కడుక్కోడానికా?" అన్నాడు.

"తామర. మొక్క బతికే ఉంది, మర్యాదగా మాట్లాడు."

"తామరకి చెరువుండాలి కదా."

"చెరువు నీ మంచం పక్కన పట్టదు."

నవ్వాడు. గిన్నెని చేయి చాపినంత దూరం పట్టుకుని చూశాడు. దగ్గరి చూపు బొత్తిగా లేదు ఆయనకి. నేను స్వయంగా లెన్సులు కోసి, ఫ్రేముకి బిగించి ఇచ్చిన కళ్ళజోడు సొరుగులో పడుకుని ఉంది. "అది ముసలాళ్ళది. వీధి చివర బస్సు నంబరు చదువుతాను, నాకెందుకు" అంటాడు. కళ్ళజోళ్ళ షాపులో పనిచేసే బావమరిదికి ఇంతకంటే అవమానం ఉండదు.

చెల్లెలికి జాగ్రత్తలన్నీ చెప్పాను. ఎండ తగలాలి. నీళ్ళు తగ్గితే పొయ్యాలి, అంతేకాని మార్చకూడదు. కదిపితే మొలక చిట్లుతుంది, మొలక చిట్లితే దుంప కుళ్ళుతుంది. మా చెల్లెలికి చేతులు ఊరుకోవు, కడగడానికి ఏదీ దొరక్కపోతే కడిగిందే కడుగుతుంది. అందుకే మళ్ళీ మళ్ళీ చెప్పాను. రెండు గప్పీ చేపలు వేశాను, దోమ పిల్లల్ని అవే తినేస్తాయి, నువ్వేమీ చెయ్యక్కర్లేదు అని కూడా చెప్పాను. గిన్నె ఎవరికిచ్చినా ఇదే పాఠం నాది, నోటికి వచ్చేసింది.

సాయంత్రం. సింకు పక్కన గాజు గ్లాసు. బస్సులో నీళ్ళు తొణుకుతాయని పొద్దున్న చేపల్ని అందులోకి తీశాను. ఇంకా అందులోనే ఉన్నాయి రెండూ. ఒకదానికి నారింజ తోక, ఒకదానికి నల్ల తోక. మేడ మీద తొట్టిలో వదిలాను. వచ్చే ఆదివారం పట్టుకెళ్ళాలి.

జూన్ 11

చెల్లెలు ఫోన్ చేసింది.

"అన్నయ్యా, కిటికీ దగ్గర నీళ్ళు నిలవుంటే దోమలు రావూ? మా బడిలో చెప్పారు, పూలకుండీల కింద పళ్ళేలు కూడా ఎత్తెయ్యమన్నారు. పోనీ వారానికోసారి పారబోసి కొత్త నీళ్ళు పొయ్యనా?"

"చేపలున్నాయి కదే."

"ఒక్కటీ కనబడదేం?"

"కొత్త చోటు కదా, బెదిరి ఆకుల కింద దాక్కుంటాయి. నువ్వు చెయ్యి పెట్టకు."

"సరే. నువ్వు చెప్పావంటే సరే."

నిజం చెబితే ఏం చేస్తుందో నాకు తెలుసు. గిన్నెని పెరట్లోకి తీసుకెళ్ళి బోర్లిస్తుంది, తర్వాత మట్టి కడుగుతుంది. దుంప ఇప్పుడే వేరు పట్టింది. ఆదివారం ఎంత దూరంలో ఉంది గనక. వెళ్ళి చడీచప్పుడు లేకుండా వదిలేస్తే అబద్ధం కూడా నిజమైపోతుంది.

జూన్ 15

వెళ్ళలేదు. కొత్త ఫ్రేములు దిగాయని ఓనరు ఆదివారం కూడా రమ్మన్నాడు.

జూన్ 19

ఇవాళ ఓనరు భోజనానికి వెళ్ళాక తామర గింజలు లెన్సులు అరగదీసే చక్రం మీద పెట్టాను. గింజ పెంకు రాయే. ఒక కొస అరిగి లోపలి తెలుపు కనబడితే తప్ప నీళ్ళలో ఎన్నాళ్ళు ఉన్నా మొలవదు. చక్రం మీద క్షణంలో పని. ఓనరు చెప్పులు మర్చిపోయి వెనక్కి వచ్చాడు. గింజని చూశాడు, నన్ను చూశాడు. "ఎవరికి, ఈ కన్ను?" అని అడిగి వెళ్ళిపోయాడు. ఆయన హాస్యమాడటం నాకు తెలిసి ఇదే మొదటిసారి.

జూన్ 22

వాన. వెళ్ళలేదు.

జూన్ 23

బావ షాపుకి ఫోన్ చేశాడు. గొంతులో చాలా రోజుల తర్వాత హుషారు.

"బావా, శుభవార్త. నీ చేపలు పిల్లల్ని పెట్టాయి."

చక్రం మీద లెన్సు ఉంది. అంచు పెళ్ళున ఊడింది.

"ఎన్ని?" అన్నాను. అడగాల్సింది అది కాదు.

"నిలబడితేగా లెక్కపెట్టడానికి. సన్నగా నల్లగా ఉన్నాయి. ఒళ్ళంతా మెలికలు తిప్పుకుంటూ పైకొస్తాయి, నా చెయ్యి నీడ పడితే చాలు, బుడుంగున కిందికి పోతాయి. భలే తెలివి. మీ చెల్లెలు బడికి వెళ్ళాక బిస్కెట్ పొడి వేస్తున్నాను. ఆవిడ చూస్తే చీమలు పడతాయంటుంది."

"ఎక్కువ వెయ్యకు. నీళ్ళు పాడవుతాయి" అన్నాను.

నేను అన్నది అదే. ఫోన్ పెట్టేశాక కూడా రిసీవరు మీద చెయ్యి అలాగే ఉంచి నిలబడ్డాను.

జూన్ 24

తూనీగ పిల్లలు కావచ్చు. అవీ నల్లగానే ఉంటాయి. కప్ప పిల్లలు కూడా కావచ్చు. కిందింటి కిటికీకి కప్ప ఎక్కలేదని ఏముంది. ఆయనకి దగ్గరిది ఏదీ కనబడదు, చీపురుపుల్లని చూపించినా చేప అంటాడు.

ఆదివారం తప్పకుండా.

జూన్ 29

పొద్దున్నే గ్లాసు కడిగాను. చేపల్ని తీయడానికి మేడెక్కితే నా బుజ్జి ఆకుల నిండా పేనుబంక పురుగు. ఆకు కింద, కాడ పొడుగునా, నల్లగా గీతలు గీతలుగా. ఒక్కరోజు వదిలేస్తే మొగ్గ రాదు. ఒక్కో ఆకునీ వేలి మీద పెట్టుకుని తడి గుడ్డతో తుడిచాను. ముగిసేసరికి మధ్యాహ్నం దాటింది, నడుము పట్టేసింది.

సాయంత్రం వెళ్ళొచ్చు. వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదో ఇక్కడైనా రాయాలి కదా. వెళితే గిన్నెలోకి చూడాలి.

జూలై 4

చెల్లెలు ఫోన్ చేసింది, మాటల మధ్యలో పై వాటా అబ్బాయికి వారం నుంచి జ్వరం అని చెప్పింది. ఏం జ్వరమో చెప్పలేదు, నేను అడగలేదు. తామర ఆకు ఒకటి నీళ్ళ మీద తేలకుండా కాడ మీద నిటారుగా నిలబడిందట. బావ అటు వచ్చిన ప్రతివాళ్ళకీ చూపిస్తున్నాడట. ఇక మొగ్గ వస్తుందని చెప్పాను.

మేనకోడలు ఫోన్ లాక్కుంది. "మామయ్యా, ఎప్పుడొస్తావు? నీకొకటి చూపించాలి."

"ఏంటమ్మా?"

"వచ్చాక చూపిస్తా. తొందరగా రా."

ఆరో తరగతి పిల్ల. బొమ్మ ఏదో వేసి ఉంటుంది.

జూలై 6

వెళ్ళలేదు.

జూలై 12

బావకి జ్వరం. నిన్న పొద్దున్నుంచి. కళ్ళ వెనక నొప్పి అంటున్నాడట. కట్టు లోపల చీము పట్టిందేమోనని చెల్లెలి భయం. అదే అయి ఉంటుంది. అంతకాలం కట్టు ఉంటే మరి పట్టదా.

కట్టు వల్లే.

జూలై 14

కట్టు వల్ల కాదు. డెంగీ.

ఆసుపత్రిలో చేర్చాం. పొడుగాటి గది, మంచాలన్నిటికీ దోమతెరలు, మంచానికో సీసా వేలాడుతోంది. ఊరంతా ఇదేనట ఈ నెల. ఇది రాసుకుంటే కొంచెం నయంగా ఉంది, మళ్ళీ రాస్తాను: ఊరంతా ఇదేనట.

డాక్టరమ్మ చిన్నపిల్ల, కళ్ళ కింద నలుపు, నిద్ర లేనట్టుంది. చెల్లెల్ని అడిగింది. "ఇంట్లో ఎక్కడైనా నీళ్ళు నిలవున్నాయా? ఈ దోమ మంచి నీళ్ళలో పెరుగుతుంది, పగలే కుడుతుంది. మీవారు పగలు ఎక్కడ పడుకుంటారు?"

"కిటికీ దగ్గరండీ. నీళ్ళేమీ లేవు. ఒక తామర గిన్నె ఉంది. కానీ అందులో చేపలున్నాయి."

"చేపలుంటే ఫర్వాలేదు" అంది డాక్టరమ్మ, పక్క మంచానికి వెళ్ళింది.

నేను చెల్లెలి పక్కనే ఉన్నాను. చేతిలో మందుల సంచి. ఆ సంచి తాళ్ళు గట్టిగా ముడి వేశాను, తర్వాత ఆ ముడి నేనే విప్పలేకపోయాను, నర్సు కత్తెరతో కోసింది.

జూలై 15

బట్టలు తెమ్మని చెల్లెలు తాళం ఇచ్చింది. మేనకోడలు స్నేహితురాలి ఇంట్లో ఉంటోంది. ఇంట్లో ఎవరూ లేరు. దుప్పట్లు, తువ్వాళ్ళు, బావ చొక్కాలు తీసుకుని వచ్చేశాను. గిన్నె వైపు చూడలేదు.

జూలై 16

బావ కాస్త తేరుకున్నట్టుంది, జ్వరం దిగింది. దిగాకే జాగ్రత్తగా ఉండాలంటున్నారు. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయట. చిగుళ్ళ నుంచి రక్తం. అయినా నన్ను చూసి కనుబొమలు ఎగరేశాడు.

"బావా, ఇంటికెళ్ళావట. పిల్లలెలా ఉన్నాయి?"

మేనకోడలి సంగతి అనుకున్నాను. కాదు.

"బాగున్నాయి" అన్నాను.

"మేత వేశావా?"

"వేశాను."

"చిటికెడే వెయ్యి. నువ్వే చెప్పావుగా, ఎక్కువైతే నీళ్ళు పాడవుతాయని." కాసేపు కళ్ళు మూసుకున్నాడు. "ఏమాటకామాట చెప్పాలి. అవి లేకపోతే ఆ మంచం మీద పిచ్చెక్కేది నాకు. మొదట మొక్క చూసి మనసులో తిట్టుకున్నాను నిన్ను, గడ్డి తెచ్చిచ్చాడని. ఇంటికెళ్ళాక కళ్ళజోడు పెట్టుకుంటాలే. వాటిని సరిగ్గా చూడాలి."

"పెట్టుకో" అన్నాను. ముంజేతి మీద ఎర్రటి చుక్కలు పొంగాయి ఆయనకి. దుప్పటి పైకి లాగి వాటిని కప్పాను.

జూలై 17

మొన్న గిన్నె వైపు చూడలేదని రాశాను. చూశాను. మంచం మీదికి వంగి, జేబులో ఉండే షాపు భూతద్దం తీసి మరీ చూశాను. తూనీగ పిల్లలు కావు. కప్ప పిల్లలు కావు. నాకు జూన్ ఇరవైమూడునే తెలుసు. ఫోన్లో ఆయన "మెలికలు" అన్నప్పుడే తెలుసు.

ఇవాళ మా ఇంటికి వెళ్ళి చేపల్ని గ్లాసులోకి పట్టాను. అదే గ్లాసు. అక్కడికి తీసుకెళ్ళి, వంటింట్లో టీ జల్లెడ తీసుకుని గిన్నె నీళ్ళన్నీ గరిటెతో తోడి వడపోశాను. జల్లెడలో మిగిలినవాటిని పెరట్లో ఎండిన సిమెంటు మీద దులిపాను. కాసేపు కొట్టుకున్నాయి. ఎండ చురుక్కుమంటోంది, త్వరగానే అయిపోయింది. వాటి మధ్యలో తడిసి ఉబ్బిన బిస్కెట్ పలుకులున్నాయి.

గిన్నెని అక్కడే బోర్లించి, మట్టితో సహా పారేసి, మొక్కని పీకి పడెయ్యొచ్చు. ఆ పని చెయ్యలేదు. ఆకుల మధ్య నుంచి మొగ్గ తల ఎత్తి ఉంది. అంత జరిగాక కూడా, ఆ క్షణంలో కూడా, మొగ్గకి తగలకుండా గరిటె ఎలా తిప్పాలా అని చూసుకున్నాను. నేను ఎలాంటివాణ్ణో నాకు దాంతో తెలిసిపోయింది.

కొత్త నీళ్ళు పోసి చేపల్ని వదిలాను. జల్లెడ నాతో తెచ్చేసి దారిలో చెత్తకుప్పలో పడేశాను. దాంతో వాళ్ళు మళ్ళీ టీ తాగకూడదు.

రేపు చెల్లెలికి చెప్పాలి. బావకి నయమవగానే ఇద్దరికీ ఒకేసారి చెబితే, ఆయన నవ్వేస్తాడు. ఇన్నాళ్ళూ దోమల్ని మేపానా అని నవ్వుతాడు. జీవితాంతం దెప్పుతాడు. దెప్పనీ.

జూలై 18

ఐసీయూలోకి మార్చారు. గాజు తలుపు.

జూలై 19

బావ పోయాడు. పొద్దున్న, షిఫ్టు మారే వేళ.

జూలై 23

బస్సు డ్రైవర్లు చాలామంది వచ్చారు. యూనిఫాముల్లోనే. ఇల్లు పట్టక వీధిలో నిలబడ్డారు. ఒకాయన నా చెయ్యి పట్టుకుని, "మీరేనా తామర బావగారు, ఫోన్లో ఎప్పుడూ మీ చేపల కబుర్లేనండీ" అన్నాడు.

జూలై 26

షాపుకి వెళ్తున్నాను. నిన్న ఒకాయన లెన్సులు కుడిది ఎడమకీ ఎడమది కుడికీ బిగించాను. ఓనరు తనే విప్పి మళ్ళీ బిగించాడు. ఆయన ఏదైనా అని ఉంటే బాగుండేది.

జూలై 30

నా దగ్గరి బుజ్జి పూసింది. చూడలేదు.

ఆగస్టు 3

చెల్లెలి ఇంటికి వెళ్ళాను, చెప్పేద్దామనే. దారంతా మాటలు కూర్చుకున్నాను. "నువ్వు చేపలేవని అడిగావు గుర్తుందా" అని మొదలుపెట్టాలి. అడిగింది తనే కాబట్టి తనకి తొందరగా అర్థమవుతుంది.

తను మంచం అంచున కూర్చుని ఉంది, బావ కూర్చునే చోట. ఈ పదిహేను రోజుల్లో ఏడవలేదు. వచ్చినవాళ్ళకి కుర్చీలు వేసింది, గ్లాసులు కడిగింది, బడికి సెలవు పొడిగించమని రాసిచ్చింది. భోజనం దగ్గర కూర్చుంటుందట, రెండు ముద్దలు తిని కంచం తీసేస్తుందట. బుగ్గలు లోపలికి పోయాయి.

మొగ్గ నల్లబడిపోయింది. వేలితో ముట్టుకుంటే వడలి పక్కకి వాలింది. నీళ్ళు మార్చాను కదా, కదిపాను కదా.

"మొగ్గ పోయిందే" అన్నాను. అక్కణ్ణుంచి అసలు సంగతిలోకి వెళ్దామని.

తను గిన్నె వైపు తిరిగింది. అప్పుడే నారింజ తోకది ఆకు కిందనించి బయటికి వచ్చింది, వెనకాలే నల్లతోకది. తను ముందుకి వంగింది. అలాగే చాలాసేపు చూసింది.

"పెద్దవైపోయాయి" అంది.

నాకు అర్థం కాలేదు.

"ఆయన పిల్లలు. మేత సంగతి నాకు తెలీదనుకునేవాడు కానీ, మంచం మీద బిస్కెట్ పొడి రోజూ నేనేగా దులిపేదాన్ని. ఏనాడూ దగ్గరికొచ్చి చూడలేదు అన్నయ్యా. ఎంత పిలిచేవాడో. పని, పని అని. రెండే మిగిలాయి, చూడు. చూడు, ఎంతయ్యాయో."

అప్పుడు ఏడ్చింది. మోకాళ్ళ మీద తల పెట్టుకుని, చిన్నప్పుడు పలక పగిలితే ఏడ్చినట్టు, ఒళ్ళంతా కదిలిపోయేలా ఏడ్చింది. వీపు మీద చెయ్యి వేశాను. వేసిన చెయ్యి నాదేనా అనిపించింది.

"అవునే. పెద్దవయ్యాయి" అన్నాను.

వచ్చేటప్పుడు టీ ఇచ్చింది. గుడ్డతో వడపోసి. జల్లెడ ఎక్కడ పోయిందో కనబడటం లేదట.

ఆగస్టు 10

జల్లెడ కొని తీసుకెళ్ళాను.

చెల్లెలు వాటికి మేత వేస్తోంది. చిటికెడు తీసుకుని, రెండు వేళ్ళ మధ్య నలిపి. "ఆయన లేడని మీకు పస్తు పెడతాననుకున్నారా" అంటోంది వాటితో. నన్ను చూసి సిగ్గుపడి నవ్వింది. నవ్వింది. వాటికి వేశాక వంటింట్లోకి వెళ్ళి తనూ కంచం పెట్టుకుంది.

చెప్పలేదు. చెబితే ఈ నవ్వు పోతుంది, అందుకే చెప్పలేదు. ఇది ఆమె మేలు కోరి చేసిన పనే. నా కోసం కాదు. రెండుసార్లు చదువుకున్నాను ఈ వాక్యం. సరిగ్గానే ఉంది.

ఆగస్టు 17

మేనకోడలు నన్ను బస్‌స్టాపు దాకా దిగబెడతానని వెంట వచ్చింది. ఎప్పుడూ రాదు. బెంచీ మీద కూర్చున్నాం. బస్సులు రెండు వచ్చి పోయాయి, నేను ఎక్కలేదు. తను మాట్లాడితే గానీ ఎక్కకూడదని తెలుస్తూనే ఉంది.

"మామయ్యా, ఆ చేపలు కొత్తవి కదా."

"ఏవి?"

"ఏవి అనకు. జల్లెడ కూడా నువ్వే తీశావు. సిమెంటు మీద బిస్కెట్ ముక్కలు ఎండిపోయి ఉన్నాయి, నేను చూశాను."

బస్సు వస్తోందేమోనని రోడ్డు చివరికి చూశాను.

"నాన్న చూపించినవి చేపలు కావు. మా సైన్సు పుస్తకంలో బొమ్మ ఉంది, తోకతో గాలి పీలుస్తాయి. నాన్నకి చెప్పాను. 'మీ మామయ్య చేపలేశాడు, మీ మామయ్య కంటే మీ పుస్తకానికి ఎక్కువ తెలుసా' అన్నాడు. నీకు చూపిద్దామని ఫోన్లో రమ్మన్నాను. నువ్వు రాలేదు. అమ్మకి చెబితే పారబోస్తుంది. నాన్నకి వాటిని చూసుకోవడం తప్ప ఇంకేం పని లేదు కదా, అందుకని అమ్మకి చెప్పలేదు." చెప్పు కొనతో నేల మీద మట్టిని అటూ ఇటూ నెడుతోంది. "నేను ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. నా వల్లే."

ఆ చివరి మాట మామూలుగా అంది. చాలా రోజుల నుంచి తనలో తాను అనుకుని అనుకుని అరిగిపోయిన గొంతుతో అంది. పదకొండేళ్ళ పిల్ల. నేను ఇంట్లో కూర్చుని ఊరంతా ఇదేనట అని రాసుకుంటున్న రోజుల్లో ఈ పిల్ల ఇది మోసింది.

"నీ వల్ల కాదు. నేను చేపలు వెయ్యలేదు. మా ఇంట్లో మర్చిపోయాను" అన్నాను.

తల ఎత్తింది.

"మర్చిపోయావా?"

"మొదట మర్చిపోయాను. ఆ సాయంత్రమే తెలిసింది. మీ అమ్మ అడిగితే ఉన్నాయని అబద్ధం చెప్పాను. నిజం చెబితే మీ అమ్మ మొక్కని పారేస్తుందని. నాన్న ఫోన్ చేసి పిల్లలు పుట్టాయని చెప్పినప్పుడు కూడా అవేంటో నాకు తెలుసు."

"తెలిసి కూడా చెప్పలేదా?"

"తెలిసి కూడా."

"మొక్క కోసమా?"

"మొక్క కోసం."

ఏడుస్తుందనుకున్నాను. కొడుతుందేమో, కొడితే బాగుండు అనుకున్నాను. మట్టి నెట్టడం ఆపింది. అంతే. కాస్త దూరం జరిగి కూర్చుంది.

"నేను వెనక్కి వస్తాను. అమ్మకి ఇప్పుడే చెప్పేస్తాను" అన్నాను, లేచాను.

"వద్దు."

"చెప్పాలి కదమ్మా."

"వద్దన్నాను కదా. వాటికి మేత వేశాక అమ్మ తింటోంది. వెయ్యకపోతే తినదు. నువ్వు చెప్పేసి మీ ఇంటికెళ్ళిపోతావు. ఇక్కడ ఉండేది నేను."

బస్సు వచ్చింది. ఎక్కాను. వెనక అద్దంలోంచి చూస్తే అప్పటికే వెళ్ళిపోతోంది, వెనక్కి తిరగకుండా.

ఆగస్టు 18

ఆ పిల్ల మనసులోని బరువు దించానా, ఇంకొకటి ఎక్కించానా.

ఆగస్టు 31

వెళ్ళాను. మేనకోడలు తలుపు తీసి లోపలికి వెళ్ళిపోయింది. చెల్లెలు కాస్త ఒళ్ళు చేసింది. బడికి వెళ్తోంది మళ్ళీ. బిస్కెట్లు చేపలకి మంచివి కావు, షాపులో మేత దొరుకుతుంది తెస్తానన్నాను. వద్దంది. ఆయన అలవాటు చేసింది మార్చనంది.

సెప్టెంబర్ 9

మధ్యాహ్నం షాపుకి ఫోన్. ఓనరు ఎత్తి నాకు ఇచ్చాడు.

"ఒకటి తేలింది" అంది మేనకోడలు. తనెవరో చెప్పలేదు. మామయ్యా అనలేదు, అనడం మానేసింది. "నారింజ తోకది. ఇవాళ మాకు ఒంటిపూట. అమ్మకి మీటింగుంది, సాయంత్రం వస్తుంది. ఈలోగా తీసుకురా. పెద్దది తేవద్దు, చిన్నది తేవద్దు. అమ్మ రోజూ చూస్తుంది, గుర్తుపడుతుంది."

ఓనరుకి తలనొప్పి అని చెప్పి వచ్చేశాను. మేడ మీద తొట్టిలో చాలా ఉన్నాయి, కానీ అదే రంగు, అదే సైజు వెతికేసరికి కళ్ళు లాగేశాయి. చివరికి భూతద్దం పెట్టి పట్టాను. గ్లాసు ఒళ్ళో పెట్టుకుని బస్సులో వెళ్ళాను. నీళ్ళు తొణకకుండా అరచెయ్యి మూతలా పెట్టుకున్నాను.

తను గుమ్మంలోనే ఉంది. గ్లాసు అందుకుంది. లోపలికి వెళ్ళి, గిన్నె మీదికి వంగి, చెంచాతో కొంచెం కొంచెం గిన్నె నీళ్ళు గ్లాసులో కలిపి, కాసేపు ఆగి, అప్పుడు చేపని వదిలింది. నేను ఎప్పుడో తనకి నేర్పిన పద్ధతే. తర్వాత గ్లాసు కడిగి తుడిచి నా చేతికిచ్చింది.

"ఇది ఇక్కడ ఉండకూడదు" అంది.

చచ్చినదాన్ని కాగితంలో చుట్టి ఉంచింది. అదీ ఇచ్చింది. జేబులో పెట్టుకున్నాను.

బస్‌స్టాపు దగ్గరికి వచ్చేసరికి వీధి చివర చెల్లెలు కనబడింది. సంచి భుజానికి తగిలించుకుని, చేతిలో బిస్కెట్ ప్యాకెట్‌తో, తొందర తొందరగా నడిచి వస్తోంది. ఇంటి దగ్గర ఎవరో ఎదురు చూస్తున్నవాళ్ళు ఉన్నట్టు నడుస్తోంది. స్టాపు గోడ వెనక్కి జరిగి నిలబడ్డాను, తను లోపలికి వెళ్ళేదాకా.

ఇంటికొచ్చి మేడెక్కాను. నారింజ తోకవి, నల్ల తోకవి వేరు చేసి, ఒక్కో రంగుని ఒక్కో తొట్టిలో పెట్టాను. ఇంక ఎప్పుడు ఫోన్ వచ్చినా వెతుక్కోనక్కర్లేదు.